రెండు పిలుపుల మర్యాద

"ఆ ఓడ తలుపులకి గొళ్ళెం లోపలుంటుందా అండీ, బయటుంటుందా?" అంది రాహేలు.

పాపారావు కంచం ముందు కూర్చున్నాడు. పనసపొట్టు కూరలో ఆవ ఘాటు ముక్కుకెక్కి కళ్ళు తుడుచుకుంటున్నాడు. తిని లేచి బస్సు డ్యూటీకి వెళ్ళాలి. అమలాపురానికీ రాజోలుకీ మధ్య టిక్కెట్లు కొట్టే మనిషికి, చుక్కల మధ్య తిరిగే ఓడ తలుపుల సంగతి ఏం తెలుస్తుంది? అయినా భార్య అడిగింది కాబట్టి, లోపలే ఉంటుందని చెప్పాడు.

"లోపలుంటే మన బుల్లబ్బాయి నిద్దట్లో లేచి తీసేస్తాడండీ."

"సరే, బయటుంటుంది."

"బయటుంటే ఇంకెవరైనా తీస్తారు కదండీ."

"బయట ఎవరుంటారే? అది ఆకాశం."

"ఎవరూ లేరని ఎవరు చూసొచ్చేరు?" అని రాహేలు మజ్జిగ పోసింది.

పాపారావు ఆ మజ్జిగన్నం తలొంచుకుని తిని, సంచీ తగిలించుకుని వెళ్ళిపోయాడు.

అప్పటికి ఇంకా ఏమీ జరిగినట్టు తెలియదు. జరగకముందే భయపడడం రాహేలుకు అలవాటు. జరిగాక భయపడడానికి తీరికుండదని ఆవిడ వాదన. తుఫాను సంగతి రేడియో వాళ్ళకి తెలియకముందే బియ్యం డబ్బా అటకెక్కించేది. కొడుకు సైకిలు తొక్కితే పంట కాలవ గుర్తొచ్చేది. ఈత నేర్చుకుంటానంటే గోదావరి గుర్తొచ్చేది, నేర్చుకోనంటే మళ్ళీ గోదావరే గుర్తొచ్చేది.

ఆ కొడుకు ఏకంగా నక్షత్ర నౌక ఎక్కాడు. అందులో వింతేమీ లేదు. ఆ చుట్టుపక్కల మస్కట్ వెళ్ళినవాళ్ళూ కువైట్ వెళ్ళినవాళ్ళూ ఇంటికొకరు ఉన్నట్టే, ఇప్పుడు ఓడల మీదకి వెళ్ళినవాళ్ళు కూడా వీధికొకరు తయారవుతున్నారు. ఇదివరకు గల్ఫ్ వీసాలు తెచ్చిపెట్టిన గంగబాబే ఇప్పుడు ఓడలకీ మనుషుల్ని పంపుతున్నాడు. అవే ఫోటోలు, అదే మెడికల్, కళ్ళు మూసుకుంటే రెండేళ్ళు ఇట్టే గడిచిపోతాయండీ అనే అదే మాట. తేడా ఏమిటంటే, గల్ఫుకి ఆవకాయ తీసుకెళ్ళనిస్తారు.

ఓడ రికార్డుల్లో వాడి పేరు జయప్రకాష్. ఇంట్లో బుల్లబ్బాయి. మీవాడు పైకెళ్ళేడటగా అని వీధిలో ఎవరైనా పలకరిస్తే రాహేలు ఒళ్ళు జలదరించేది. ఓడెక్కేడండీ, అలాగనండి, అని సరిదిద్ది మరీ కదిలేది.

వాడికి ఆవిడ నేర్పిన జాగ్రత్తలు చాలా ఉన్నాయి గానీ, అన్నిటిలోకీ ముఖ్యమైనది ఒకటుంది. మనిషి కనబడకుండా పేరు పెట్టి పిలిస్తే, మూడోసారి పిలిచేదాకా పలకకూడదు. మనిషైతే మూడోసారి పిలుస్తాడు. మనిషి కానిది రెండుసార్లతో ఆగిపోతుంది, అంతకుమించి దానికి హక్కు లేదు. ఇది రాహేలుకు వాళ్ళమ్మ చెప్పింది. ఆదివారం ఆదివారం చర్చికి వచ్చే కుటుంబంలో ఈ నమ్మకాలేమిటమ్మా అని పాస్టరుగారు ఒకసారి మందలించారు. నమ్మకం కాదండీ, జాగ్రత్త అంది రాహేలు, వినయంగానే.

పాపారావు అలా వెళ్ళాడో లేదో ఫోను మోగింది. ఓడ చాలా దూరం పోయింది కాబట్టి ఇక్కడ అన్న మాట అక్కడికి చేరి, అక్కడి మాట తిరిగి రావడానికి కొంతసేపు పట్టేది. ఆ ఖాళీలో రాహేలు చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకునేది. ఇరుగుపొరుగులతో ఎదురుబొదురుగా మాట్లాడేదాని కంటే ఈ పద్ధతే ఆవిడకి నచ్చింది. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య భయపడడానికి వ్యవధి దొరికేది.

నాన్న ఉన్నారా అని అడిగాడు బుల్లబ్బాయి. లేరని తెలిశాక గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

ఓడకి బాగా వెనక, అందరి గదులకీ దూరంగా, తిండి సామాను దాచే చలిగది ఒకటుంది. రోజూ వాడొక్కడే వెళ్ళి లోపల చలి సరిగ్గా ఉందో లేదో చూసి రావాలి. ఆ గది చివరి గోడతో ఓడ అయిపోతుంది. ఆ తర్వాత ఇంకేమీ లేదు. ఏమీ లేని ఆ వైపు నుంచి ఎవరో పిలుస్తున్నారు. ముందు గొట్టాల్లో చప్పుడనుకున్నాడు. తర్వాత నిద్ర చాలక అనుకున్నాడు. నిద్రపోయి వచ్చి విన్నా అదే పిలుపు.

"ఏమని పిలుస్తున్నారు?"

రాహేలు రెండు కాయలు ఒలిచింది. మూడోది చేతిలోకి తీసుకుంటూంటే జవాబొచ్చింది.

"బుల్లబ్బాయిగారూ, అని."

"గారు అన్నారా?"

"ఆయ్. గారు అన్నారమ్మా. మెల్లిగా, మర్యాదగా."

ఆ ఓడలో వాడి ఇంటిపేరే ఎవరికీ నోరు తిరగదు, ఇంక ముద్దుపేరు తెలిసే దారే లేదు. ముద్దుపేరు తెలిసిన ఊళ్ళోవాళ్ళలో దానికి గారు తగిలించేవాళ్ళు పుట్టలేదు. రాహేలు చిక్కుడుకాయ పళ్ళెంలో పెట్టి, పలికేవా అని అడిగింది. ఆ మాట వెళ్ళి తిరిగి వచ్చేలోగా, పలికేనమ్మా అంటే ఏం చెయ్యాలో కొన్ని ఏర్పాట్లు మనసులో చేసుకుంది. వాటిలో సమాధి తోట కూడా ఉంది.

"లేదమ్మా. నువ్వు చెప్పేవుగా. మూడోసారి పిలుస్తారేమోనని నుంచున్నాను. పిలవలేదు. మర్నాడూ అంతే. రోజూ రెండుసార్లే."

కొన్నాళ్ళుగా వాడు ఆ గది గుమ్మం దాకా వెళ్ళి, లోపల అడుగు పెట్టకుండా తిరిగొచ్చేస్తున్నాడు. ఈ సంగతి తోటివాళ్ళకి చెప్పలేడు. ఓడలో ఎవరికైనా లేనివి వినబడుతున్నాయని తెలిస్తే, మందుల గదిలో పెట్టి తాళం వేస్తారు. అలాంటివాడిని వచ్చే రేవులో దింపేస్తారు. అందుకే అమ్మకొక్కదానికే చెప్తున్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు, ముఖ్యంగా గంగబాబుగారి చెవిన పడకూడదన్నాడు.

అప్పుడు రాహేలుకు కలిగినదాన్ని భయమని పూర్తిగా అనలేం. ఇన్నేళ్ళూ ఆవిడ ఎదురుచూసినవేవీ రాలేదు. కాలవ పిల్లాడిని మింగలేదు, గోదావరి ముంచలేదు, గ్యాసు బండ పేలలేదు. చివరికి ఒకటి వచ్చింది. తన మాట ఆకాశం దాకా వెళ్ళి నిజమైంది. ఆ భయం కింద ఒక రవ్వ గర్వం కూడా ఉంది. వెంటనే సిగ్గుపడి, పలక్కుండా మంచిపని చేసేవు నాన్నా, కడుపునిండా తిను, అని చెప్పి ఫోను పెట్టేసింది. ఆ తర్వాత కూర పొయ్యి మీద పెట్టడం మరిచిపోయింది.

కొడుక్కిచ్చిన మాట ప్రకారం రాహేలు ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థనలో మాత్రం లేచి నిలబడి, పేరు చెప్పకూడని ఒక బిడ్డ చెప్పకూడని చోట చెప్పకూడని పిలుపు వల్ల బాధపడుతున్నాడు, అతని కోసం ప్రార్థించండి అని విన్నవించుకుంది. ఆ చర్చిలో చెప్పకూడనంత దూరం పోయిన బిడ్డ ఒక్కడే ఉన్నాడు. ఆడవాళ్ళంతా ఆకాశంలో ఉన్న ఆ పేరులేని బిడ్డ కోసం కన్నీళ్ళతో ప్రార్థించారు. రెండో వరసలో కూర్చున్న గంగబాబు భార్య మాధురి అందరికంటే గట్టిగా ప్రార్థించింది.

సాయంత్రానికి గంగబాబు ఫోను చేశాడు.

"అక్కగారూ, మనవాడికి బుర్ర బాగానే ఉంది కదండీ?"

బాగానే ఉందండీ అంది రాహేలు. గంగబాబు చాలా మర్యాదస్తుడు, చెడ్డ కబురైనా బెల్లం ముక్క పెట్టి ఇస్తాడు. చలిగది పని సరిగ్గా జరగడం లేదని ఓడ మీది పెద్దమనిషికి అప్పటికే అనుమానం వచ్చిందట. వచ్చే వారం ఓడ ఒక రేవులో ఆగుతుంది. ఆలోగా కుర్రాడు గదిలోకి వెళ్ళి పని చేస్తే సరే, లేదా అక్కడే దింపేస్తారు. దింపేస్తే ఇటువైపు వచ్చే ఓడ మళ్ళీ ఎప్పుడుంటుందో గంగబాబుకి తెలియదు.

"దింపడమంటే ఎక్కడండీ?"

"అక్కడేనండీ."

"అక్కడ ఏముంటుందండీ?"

గంగబాబు, అక్కడ కూడా మనుషులున్నారటండీ అన్నాడు. రాహేలుకు ఆ కబురులో ఊరట కనబడలేదు.

ఇప్పుడు గదిలోకి వెళ్తే అది ఉంది. వెళ్ళకపోతే దిక్కూ మొక్కూ లేని రేవు. ఏది ఎక్కువ భయమో తూకం వేద్దామని రాహేలు ఆ రాత్రంతా ప్రయత్నించింది గానీ, జీవితంలో మొదటిసారి ఆవిడ త్రాసు ఎటూ మొగ్గలేదు. పొద్దున్నే పాపారావుకి అంతా చెప్పేసింది. అతను విని, చొక్కా గుండీలు ఒకటికి రెండుసార్లు పెట్టుకుని, కొత్తపేటలో అక్క ఉంది కదా, దాన్నడుగు, దానికి భయం తెలీదు అన్నాడు.

పాపారావు అక్కగారు కరుణ కొత్తపేట హైస్కూల్లో సైన్సు చెప్తుంది. దెయ్యాలూ గ్రహణాలూ పాముల పగలూ అన్నీ ఒట్టివేనని పిల్లల చేత వల్లె వేయిస్తుంది. ఆవిడ ముందు తన భయాలు చెప్పుకోవాలంటే రాహేలుకు నామోషీ. అందుకే ఈ మధ్య రాకపోకలు తగ్గాయి. అయినా రావులపాలెం బస్సెక్కి కొత్తపేటలో దిగింది.

గేటు దగ్గర నిలబడి, వదినగారూ అని పిలిచింది. పలుకు లేదు. గుమ్మంలో చెప్పులున్నాయి. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. వదినగారూ అని మళ్ళీ పిలిచింది. అయినా లేదు. బాత్రూములో జారిపడి ఉంటుందా? గుండెపోటా? చెప్పులు ఇక్కడే ఉన్నాయంటే మనిషి లోపలే ఉండాలి కదా. ఇన్ని అనుకున్నా, రాహేలు మూడోసారి పిలవలేదు. భోంచేస్తున్నారో, నడుం వాల్చారో, మరీ అంతగా పిలిస్తే వాకిట్లో నిలబడి నిలదీసినట్టుంటుంది. గేటు చప్పుడు కాకుండా చేరవేసి, వచ్చిన దారినే నడిచింది.

వీధి మలుపు దాకా వెళ్ళాక వెనక నుంచి చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చిన కరుణ చెయ్యి పట్టుకుంది.

"రెండుసార్లు పిలిచి వెళ్ళిపోతావేంటి? మూడోసారి పిలిస్తే పలుకుదామని తలుపెనకాలే నుంచున్నాను. కిటికీలోంచి నీ వీపు కనబడి పరుగెత్తుకొచ్చేను."

రాహేలు వదిన మొహంలోకి చూసింది.

"మీరు కూడానా అండీ?"

కరుణ అటూ ఇటూ చూసింది, పిల్లలెవరైనా వింటున్నారేమోనని కాబోలు. "మా అమ్మ చెప్పింది. పిల్లలకి చెప్పను, నేను మాత్రం మానలేదు. నువ్వెందుకు పిలవలేదు?"

"మూడోసారి ఏం బాగుంటుందండీ, భోజనాల దగ్గరుంటారేమోనని."

"క్రిస్మస్ తర్వాత వచ్చేవా?"

"వచ్చేనండీ. పిలిచి వెళ్ళిపోయేను."

"ఎవరో పిలిచినట్టైంది. మూడోసారి పిలవలేదు కదా అని ఆ రాత్రి దీపం ఆర్పలేదు," అంది కరుణ. తర్వాత, "నువ్వు మా ఇంటికి రావడం మానేసేవనుకున్నాను," అంది.

ఇద్దరూ నడిరోడ్డు మీదే ఉన్నారు. ఒక సైకిలు గంట కొట్టి చుట్టూ తిరిగి వెళ్ళింది.

లోపల కాఫీ తాగుతూ రాహేలు అంతా చెప్పింది. కరుణ సైన్సు టీచరుగా మారి, చలికి లోహం ముడుచుకుంటుందనీ అప్పుడు రకరకాల చప్పుళ్ళు వస్తాయనీ, ఒంటరిగా ఉన్న మనిషి చెవి ఆ చప్పుళ్ళని మాటలుగా చేసుకుంటుందనీ వివరించింది. రాహేలు శ్రద్ధగా విని, మరి గారు ఎలా వచ్చిందండీ అని అడిగింది. కరుణ లేచి, ఇంకాస్త కాఫీ పోస్తానుండు అంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న రాహేలుకు ఒక సంగతి తట్టింది. తన లెక్క ప్రకారమే చూస్తే, ఇందాక వదిన గేటు దగ్గర నిలబడింది మనిషి కాదు. ఆ మనిషి కానిదానికి దాహంగా ఉంది, లోపలున్నవాళ్ళ గురించి బెంగగా ఉంది, పలకరిస్తే బాగుండునని ఉంది. పలకకపోతే నొచ్చుకుని వెళ్ళిపోయింది. తను ఆ గేటు దగ్గర నిలబడినదాని కంటే అది ఆ గోడ దగ్గర ఎక్కువసేపే నిలబడి ఉంటుంది. రోజూ వస్తోంది, రోజూ వెళ్ళిపోతోంది. తనకైతే బస్సుంది.

దీంతో ఆవిడ భయం పోలేదు. ఇదివరకు, అది చెడ్డదేమోనని ఒక్క భయమే ఉండేది. ఇప్పుడు చెడ్డది కాదేమోనని రెండోది కూడా మొదలైంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలకి కూర్చోబోతూంటే బుల్లబ్బాయి ఫోను. పాపారావుకి ఆ రోజు సెలవు. పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకుని, వినడం లేదన్నట్టు వింటున్నాడు. ఓడ మర్నాడు రేవు చేరుతుందనీ, ఇవాళ గదిలోకి వెళ్ళకపోతే సామాన్లు సర్దుకోవడమేననీ వాడు చెప్పాడు. రాహేలు కుర్చీ లాక్కుని కూర్చుని, నువ్వు ఫోను పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళు నాన్నా అంది.

జవాబు రావడానికి దూరం వల్ల పట్టే వ్యవధి కంటే ఎక్కువే పట్టింది.

"నువ్వే కదమ్మా పలకొద్దన్నావు."

"నిన్ను పలకమనట్లేదు. ఫోను పట్టుకుని నుంచో చాలు. పలకడమేదో నేను పలుకుతాను."

తలుపు తీసిన చప్పుడు, చలి మిషను తిరుగుతున్న మోత, వాడి అడుగులు. రాహేలు పెదవులు ప్రార్థన చేస్తున్నాయి. అక్కడ ఏం జరిగినా, అది తన చెవిన పడేసరికి ఎప్పుడో జరిగిపోయి ఉంటుందని అప్పుడే తోచింది. ఇలాంటి భయం ఒకటుంటుందని ఆవిడకి ఇన్నాళ్ళూ తట్టనే లేదు.

"బుల్లబ్బాయిగారూ."

పాపారావు పేపరు దించాడు. ఆడో మగో, పెద్దో చిన్నో తెలియని గొంతు. పెరుగు తోడుకి వచ్చి, గుమ్మం అవతలే ఆగిపోయిన మనిషి గొంతులా ఉంది.

"బుల్లబ్బాయిగారూ."

ఆ తర్వాత మోత తప్ప ఏమీ లేదు. ఇంకో క్షణం ఊరుకుంటే, తన మాట అక్కడికి చేరేలోగా వెళ్ళిపోతుంది. ఎప్పుడూ వెళ్ళిపోయినట్టే. రాహేలు దాన్ని గద్దించాలనుకుంది, ప్రభువు పేరున పొమ్మనాలనుకుంది. ఆ మాటలన్నీ చర్చి నుంచి వస్తూ దారి పొడుగునా వల్లె వేసుకుంది కూడా. నోరు తెరిస్తే, వాకిట్లో ఎవరు పిలిచినా వచ్చే మాటలే వచ్చాయి.

"ఎవరండీ? నేను వాళ్ళమ్మనండీ. వాడు చిన్నవాడు, భయపడుతున్నాడు. ఏం కావాలండీ?"

మాట వెళ్ళింది. తిరిగొచ్చే వ్యవధి గడిచింది. అమ్మా అని బుల్లబ్బాయి గొణిగింది తప్ప ఏమీ రాలేదు. వాడి ఊపిరి మాత్రం పొట్టిగా, గరగరమని వినబడుతోంది.

"ఎవరి తాలూకండీ మీరు?"

ఏమీ లేదు. కోపం వచ్చిందేమో. వెళ్ళిపోయిందేమో. వెళ్ళిపోవడమే మంచిదేమో. లైను పోయిందే అన్నాడు పాపారావు, మెల్లిగా. రాహేలు చెయ్యెత్తి అతన్ని ఆపింది. మూడోసారి అడగడం మర్యాద కాదని తెలుసు. పక్కన చల్లారిపోతున్న అన్నం గిన్నె కేసి చూసి, గొంతు సవరించుకుంది.

"పోన్లెండి. భోజనమైనా అయ్యిందా అండీ?"

ఆ మాట ఇంటి కప్పు దాటి, మబ్బులు దాటి, ఓడ దాటి, ఓడ అయిపోయిన చోటికి వెళ్ళి ఉంటుంది. వ్యవధి గడిచింది. మళ్ళీ అంత వ్యవధీ గడిచింది. పాపారావు పేపరు మడతపెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. బుల్లబ్బాయి ఊపిరి చప్పుడు మెల్లమెల్లగా సర్దుకుంది, తర్వాత అదీ వినబడలేదు. రాహేలు ఫోను చెవికి ఆనించుకునే ఉంది, చెయ్యి మార్చుకోవడానికి కూడా కదలకుండా.

"ఇంకా లేదండీ," అంది గోడ అవతలి గొంతు.